దృశ్యంగా మారిన శ్రవ్యం

మన ఆలంకారికులు కావ్యాన్ని రెండు విధాలుగా విభజించారు. రంగస్థలం మీద చూడదగినది దృశ్యం, చెవితో వినదగినది శ్రవ్యం. తాటాకు మీద గంటంతో రాసిన ప్రబంధాన్ని కూడా వారు శ్రవ్యమనే అన్నారు. ఒకరు చదువుతుంటే పదిమంది వినడమే ఆనాటి పఠనం. అచ్చుయంత్రం వచ్చిన తర్వాత చదువు క్రమంగా కంటి పనిగా మారింది. కంప్యూటరు, సెల్‌ఫోను వచ్చాక శ్రవ్యమనే మాటకు మళ్ళీ అర్థం రావలసి ఉంది. తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాధనాలు ఇవాళ ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా తెలుగు వెబ్‌సైట్లలోను, యాప్‌లలోను ఎక్కువగా జరిగినది దీనికి విరుద్ధం. శ్రవ్యం కాదగిన పాఠాన్ని మనం దృశ్యం చేసివేశాం. ఈ పొరపాటు స్వరూపమేమిటో, దానివల్ల నష్టపోతున్న పాఠకులెవరో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగునేలకు వెలుపల ఉన్న మనకు ఈ విషయంతో ఎక్కువ సంబంధం ఉందని నా అభిప్రాయం.

1. బామ్నిలో ఒక ప్రశ్న

చంద్రపూర్ జిల్లాలో బల్లార్పూర్ పక్కన ఉన్న ఊరు బామ్ని. వార్ధా నది దాటితే రాజురా. ఆ రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాకు చెంది ఉండేది. బల్లార్పూర్ కాగితపు మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు, కాజీపేట వైపు సాగే రైలుమార్గం ఎన్నో తెలుగు కుటుంబాలను ఇక్కడికి చేర్చాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ అనేది ఇక్కడి పిల్లల భాషా జీవితం.

మాండలిక పదాల సేకరణ కోసం ఈ ప్రాంతానికి వెళ్ళినప్పుడు బామ్నిలో ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దకొడుకుకు పుట్టుకతో చూపు లేదు. మరాఠీ మాధ్యమంలో డిగ్రీ దాకా చదువుకున్నాడు. అంతకు కొన్నాళ్ళ ముందు మా పీఠం పత్రిక సంచిక ఒకటి అతని ఫోనుకు పంపించాను. ఎలా ఉందని అడిగితే అతను మొహమాటంగా అన్న మాటలివి:

"సార్, మరాఠీ పేపరయితె ఫోను మంచిగ చదువుతది. మీ తెలుగు పుస్తకం తెరిస్తె 'ఇమేజ్' అంటది, ఊకుంటది. ఇంకో పేజీకి పోతె మళ్ల ఇమేజే."

ఇంట్లో ఎవరైనా చదివి వినిపించవచ్చు కదా అన్నాను. అప్పుడు తల్లి అందుకున్నది: "మాట్లాడెటోళ్లం నలుగురం ఉన్నం సారు. తెలుగు చదివెటోళ్లు ఎవ్వలున్నరు మా ఇంట్ల?"

ఈ రెండు వాక్యాలను కలిపి చూస్తే సమస్య పూర్తిగా బోధపడుతుంది. వరంగల్లులోనో విజయవాడలోనో చూపులేని పాఠకుడికి ఒక పేజీ అందకపోతే పక్కింటివారో, తోటి విద్యార్థో చదివి పెట్టగలరు. అది అతని స్వతంత్రతకు లోపమే అయినా పాఠం మాత్రం చెవిని చేరుతుంది. బామ్నిలో ఆ దారి కూడా లేదు. అక్కడ ఫోను మూగపోతే రాతలో ఉన్న తెలుగు ఆ ఇంటికి లేనట్లే. మరొక సంగతి కూడా గమనించాలి. ఆ ఇంట్లో చూపు ఉన్న ముగ్గురికి సైతం తెలుగు లిపి రాదు. ఫోను తెలుగు చదివితే ఆ ముగ్గురూ వింటారు. చూపులేని ఒక్కరికోసం సరిచేసిన పేజీ నలుగురికి తెలుగు పుస్తకాన్ని ఇస్తుంది.

2. అక్షరమా, బొమ్మా?

తెరను చదివే సాధనం పేజీని కంటితో చూసినట్లు చూడదు. పేజీ వెనక దాచి ఉన్న అక్షర సంకేతాలను తీసుకొని వాటిని ధ్వనిగా మారుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ తే అనే ఇద్దరు చూపులేని యువకులు 2006లో పని ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఇలాంటి సాధనమే. దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సాధనం ఇదే పని చేస్తుంది. తెలుగు గొంతు కూడా అందుబాటులో ఉంది. సంకేతాలు సరిగా ఉంటే ఇవి చదువుతాయి. సంకేతాలే లేకపోతే ఏ సాధనమైనా చేయగలిగినది స్వల్పం.

అక్షరం వేరు, దాని ఆకారం వేరు అన్న భావన భాషాశాస్త్ర విద్యార్థులకు కొత్త కాదు. ఆచరణలో మన దేశం దీనిని రెండుసార్లు చక్కగా నిరూపించింది. మొదటిది 1951లో ఖాయమైన భారతి బ్రెయిలీ. అంతకు ముందు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క బ్రెయిలీ పద్ధతి ఉండేది. భారతి బ్రెయిలీలో ఏ లిపిలోనైనా ఒకే ధ్వనికి ఒకే చుక్కల కూర్పు ఉంటుంది. తెలుగు 'క'కు, మరాఠీ 'క'కు, హిందీ 'క'కు ఆరు చుక్కల గడిలో 1, 3 చుక్కలే. రెండవది కంప్యూటర్లకోసం భారత ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ పద్ధతి. ఇందులోనూ భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడి వరుస ఉంది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం ఇస్కీ పూర్వరూపాన్ని అనుసరించింది. అందువల్ల దేవనాగరి 'క' తన పట్టికలో ఏ గడిలో ఉన్నదో తెలుగు 'క' తన పట్టికలో సరిగ్గా అదే గడిలో ఉన్నది.

ఈ సమానత్వం బామ్ని యువకుడికి ఎంత మేలు చేయగలదో ఆలోచించండి. మరాఠీ బ్రెయిలీ నేర్చుకున్న పిల్లవాడికి తెలుగు బ్రెయిలీలో దాదాపు అన్ని హల్లులు ముందే వచ్చి ఉంటాయి. మరాఠీలో లేని ఎ, ఒ హ్రస్వాలు, మరికొన్ని గుర్తులు నేర్చుకుంటే చాలు. చూపు ఉన్న మరాఠీ విద్యార్థి తెలుగు చదవాలంటే కొత్త వర్ణమాల మొత్తం నేర్వాలి. చూపులేనివాడికి ఆ భారం చాలా తక్కువ. సరియైన సంకేతాలున్న పాఠాన్ని ఫోను గొంతుతో చదవగలదు, కంప్యూటరుకు తగిలించే బ్రెయిలీ పలక మీద చుక్కలుగానూ అందించగలదు. ఇంత అనుకూలమైన స్థితిలో ఉన్న పాఠకుడికి మనం ఇచ్చింది బొమ్మ.

ఇలా ఎందుకు జరిగిందంటే చరిత్ర కొంత చెప్పుకోవాలి. 1990లలో డి.టి.పి. కేంద్రాలలో వాడుకలోకి వచ్చిన తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల గడులలో తెలుగు ఆకారపు ముక్కలను అమర్చుకున్నవి. తలకట్టు ఒక గడిలో, కొమ్ము మరొక గడిలో, ఒత్తు ఇంకొక గడిలో ఉండేవి. కంటికి కనిపించేది తెలుగు, లోపల ఉన్నది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. ఏ ఫాంటుకు ఆ ఫాంటు అమరిక వేరు. తొలినాళ్ళ తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు కూడా ఒక్కొక్కటి తన సొంత ఫాంటుతో నడిచాయి. నాగార్జున వెన్న రూపొందించిన 'పద్మ' అనే ఉపకరణం ఆ ఫాంట్ల పేజీలను యూనికోడులోకి మార్చి చూపించేది. అలాంటి ఉపకరణం అవసరమైందంటే అప్పటి స్థితి తెలుస్తూనే ఉంది. ఇవాళ పత్రికల వెబ్‌సైట్లు యూనికోడుకు మారాయి. అయితే పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, విశ్వవిద్యాలయ ప్రచురణలు ఇప్పటికీ పాత ఫాంట్లలో కూర్చి, అచ్చుకు పంపిన పి.డి.ఎఫ్.నే వెబ్‌సైటులో పెట్టే అలవాటు పోలేదు.

3. గుణదోష విచారణ

కావ్య విమర్శలో గుణదోషాలను వేరుచేసి చూపడం మన సంప్రదాయం. అదే పద్ధతిలో తెలుగు పేజీలలో తరచుగా కనిపించే దోషాలను విభజించి చూద్దాం.

మొదటిది, బొమ్మలోని అక్షరాలు. ప్రకటనలు, పరీక్షల నోటిఫికేషన్లు, కవితలు, ఆహ్వానపత్రాలు బొమ్మలుగా పెడుతున్నారు. రంగులు, అలంకారాలు కుదురుతాయని కారణం చెబుతారు. ఆ బొమ్మలో ఏముందో అక్షరాలలో కూడా రాస్తే ఇబ్బంది లేదు. రాయకపోతే వినే పాఠకుడికి ఆ పేజీ ఖాళీ కాగితమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం వేలాది పాత తెలుగు పుస్తకాలను నాశనం కాకుండా కాపాడింది. ఆ కృషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. కాని అక్కడ భద్రమైనవి పుటల ఛాయాచిత్రాలు మాత్రమే. వాటిని పాఠంగా మార్చే పని తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్నారు. యంత్రం గుర్తించిన అక్షరాలను మూల పుటతో పోల్చి దిద్దడం ఆ పని. పాఠ పరిష్కరణమంటే తాళపత్ర ప్రతుల విషయమే అనుకునేవారు ఈ కృషిని కూడా ఆ కోవలో చేర్చుకోవాలి.

రెండవది, భాష పేరు చెప్పకపోవడం. ప్రపంచవ్యాప్తంగా వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ అందుబాటుకు సంబంధించిన మార్గదర్శకాలను మొదట 1999లో, రెండవ రూపాన్ని 2008లో ప్రకటించింది. 2018, 2023 సంవత్సరాలలో వాటిని విస్తరించింది. పేజీ ఏ భాషలో ఉందో సంకేతంలో చెప్పాలని, మధ్యలో భాష మారితే ఆ భాగానికి వేరే గుర్తు పెట్టాలని అందులో ఉంది. తెలుగుకు 'టీ, ఈ' అనే రెండక్షరాలు, మరాఠీకి 'ఎం, ఆర్' అనే రెండక్షరాలు గుర్తులు. అంతే పని. ఇది లేకపోతే సాధనం ఇంగ్లీషు గొంతుతో తెలుగు పేజీకి వచ్చి, అక్షరాలను దాటవేయడమో, కూడి చదవకుండా విడివిడిగా పలకడమో చేయవచ్చు. ఒకే పేజీలో మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు కలిపి రాసే మనలాంటి వారి ప్రచురణలకు ఈ నియమం ప్రాణప్రదం.

మూడవది, కంటిని మోసగించే రాత. విసర్గ మీట ఎక్కడుందో తెలియక ఇంగ్లీషు కోలన్ పెట్టి 'దు:ఖం' అని రాయడం సర్వసాధారణం. కంటికి 'దుఃఖం' లాగే ఉంటుంది. చెవికి మాట మధ్యలో విరిగిపోతుంది. శీర్షిక అందంగా ఉండాలని 'వి జ్ఞ ప్తి' అని అక్షరాల మధ్య ఖాళీలు వదిలితే అది ఒక మాటగా కాక మూడు ముక్కలుగా వినిపిస్తుంది. ఇవి రచయిత అలవాటు వల్ల వచ్చిన దోషాలు. ఇంజనీరు వచ్చి దిద్దవలసినవి కావు.

నాలుగవది, పేరులేని మీటలు. యాప్‌లలో మాటలకు బదులు చిన్న గుర్తులు పెడతారు. వాటికి లోపల పేరు రాయకపోతే సాధనం 'బటన్, బటన్' అని మాత్రమే చెబుతుంది. ఏది పంపే మీటో, ఏది తుడిచివేసే మీటో తెలియదు. వంకరటింకర అక్షరాల బొమ్మ చూపి అందులో ఏముందో రాయమనే పరీక్ష మరొకటి. మనిషో యంత్రమో తేల్చుకోవడానికి పెట్టిన ఆ పరీక్ష చూపులేని మనిషిని మనిషి కాడని తేలుస్తుంది. చేతులు వణికేవారికి మరీ చిన్న మీటలు, అర నిమిషంలో గడువు తీరే అంకెలు అడ్డుగోడలే.

ఐదవది, తెలుగు లిపి స్వభావాన్ని పట్టించుకోకపోవడం. మన లిపి పంక్తికి కిందికి లోతుగా దిగుతుంది. 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటలకు ఇంగ్లీషు పంక్తుల ఎత్తు సరిపోదు. ఇంగ్లీషుకోసం కట్టిన చట్రంలో తెలుగును పోస్తే ఒత్తులు తెగిపోతాయి. చూపు మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకున్నప్పుడు ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లని నేల మీద వేయడం కూడా ఇటువంటిదే. అక్షరాల రంగుకు, నేల రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి మామూలు పరిమాణంలో కనీసం 4.5కు 1 ఉండాలని పైన చెప్పిన మార్గదర్శకాలు నిర్ణయించాయి.

4. యంత్రం గొంతు గురించి

యంత్రం చదివే తెలుగు కర్ణకఠోరంగా ఉంటుందని, పద్యాన్ని దానికి అప్పగించరాదని సాహిత్యాభిమానులు ఆక్షేపిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. తెలుగు లిపి ధ్వనికి చాలా దగ్గరగా ఉన్నా పూర్తిగా ధ్వన్యనుసారి కాదు. 'చలి', 'చాప' అనే మాటలలోని చకారాన్ని దంత్యంగా పలుకుతాం. 'చక్రం', 'చంద్రుడు' అనే సంస్కృత పదాలలో తాలవ్యంగా పలుకుతాం. రాతలో తేడా లేదు. దంత్య చజలకు ౘ, ౙ అనే ప్రత్యేకాక్షరాలు ఉన్నా వాడుకలో నిలవలేదు. యూనికోడులో అవి 2008లో చేరాయి. మాట దేశ్యమో తత్సమమో తెలిస్తేగాని యంత్రం సరిగా పలకలేదు. మరాఠీలోనూ ఇదే చిక్కు ఉంది. 'చాంగలా'లోని చకారం, 'చంద్ర'లోని చకారం ఒకటి కావని చంద్రపూర్ పిల్లలందరికీ తెలుసు. రెండు భాషలు తెలిసిన మీవంటి విద్యార్థులు ఈ పదాల పట్టికలు తయారుచేస్తే అది మంచి పరిశోధన అవుతుంది, ఉపయోగకరమైన పనీ అవుతుంది.

మరికొందరు దేవనాగరిలో తెలుగు రాసి మరాఠీ గొంతుతో చదివించవచ్చు కదా అంటారు. లిపిరాని పిల్లలకోసం ఇలా రాసే అలవాటు వెలుపలి తెలుగువారిలో ఉన్నది. కాని మరాఠీలో ఎ, ఏల భేదం, ఒ, ఓల భేదం లేదు. 'తెగ', 'తేగ' ఒకటైపోతాయి. 'కొన', 'కోన' ఒకటైపోతాయి. తాత్కాలికంగా సాయపడే ఈ దారి చివరకు భాషలోని భేదాలను చెరిపివేస్తుంది.

యంత్రం గొంతు కవిగారి గొంతు కాదు, నిజమే. అచ్చు పుస్తకంలోని అక్షరం మాత్రం కవిగారి దస్తూరీనా? కంటితో చదివేవారు నిర్జీవమైన అచ్చు నుంచి రసాన్ని తీసుకుంటున్నట్లే, చెవితో చదివేవారు నిర్జీవమైన గొంతు నుంచి తీసుకోగలరు. అలవాటైనవారు ఆ గొంతును మనం అనుసరించలేనంత వేగంగా పెట్టుకొని వింటారు. వారికి కావలసినది పఠన కౌశలం కాదు, పాఠం.

5. భాషే అడ్డుగోడ అయినప్పుడు

అందుబాటు అనేది సంకేతాలతో ముగిసిపోదు. అక్షరాలన్నీ సరిగా ఉండి, ఫోను చక్కగా చదివినా, విన్నవాడికి అర్థం కాకపోతే ఏం లాభం? డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు నాలుగు మూల సూత్రాలు చెబుతాయి. విషయం ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, మీటలు నడపడానికి వీలుగా ఉండాలి, చెప్పినది అర్థం కావాలి, వేర్వేరు సాధనాలలో చెడకుండా నిలవాలి. మూడవ సూత్రం దగ్గర తెలుగు పేజీలు తరచుగా తప్పుతాయి. ఇంగ్లీషు దరఖాస్తును మాటకు మాట తెలుగు చేసి, ఎవరూ మాట్లాడని కృతక భాషను పెడుతున్నారు. బుద్ధివైకల్యం ఉన్నవారికి, చదువు తక్కువైనవారికి, తెలుగును ఇంటి భాషగా మాత్రమే ఎరిగిన బామ్ని తల్లికి అది సమానంగా అడ్డే.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోకుండా ఉండలేం. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం శైలీ వివాదంగా చదువుకుంటాం. వాస్తవానికి అది చదువును జనానికి అందుబాటులోకి తేవాలన్న ఉద్యమం. సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన పంతులు గారికి, మన్యంలో జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. మాట్లాడే భాషకే జీవితం ధారపోసిన పండితుడు చెవికి దూరమై, రాత మీద ఎక్కువగా ఆధారపడవలసి వచ్చింది. చూపులేనివారికి రాత మాటగా మారాలి. వినికిడి లేనివారికి మాట రాతగా మారాలి. సాహిత్య సభలను, పాఠాలను వీడియోలుగా పెడుతున్న మన సంస్థలలో కింద తెలుగు అక్షరాలు వేసేవి ఎన్ని ఉన్నాయో మనమే చూసుకోవాలి. యంత్రం దానంతట అది వేసే అక్షరాలను దిద్దకుండా వదిలితే అవి తప్పుల తడకలుగా ఉంటాయి. వాటిని దిద్దడం కూడా తెలుగు చదివినవారి పనే. అక్షరాలు వేసినంత మాత్రాన సంకేతభాషే మాతృభాషగా ఉన్నవారి అవసరం తీరిందనుకోరాదు. వారి భాష వేరు, దాని వ్యాకరణం వేరు.

6. దయా, హక్కా?

ఈ పనులన్నీ దయాధర్మాలని భావించే కాలం పోయింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి చట్టంలో ఇవి 7 మాత్రమే. కొత్త చట్టంలోని 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతుంది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పు మరొక అడుగు ముందుకు వేసింది. ప్రమాణాలను సిఫారసులుగా వదిలివేసిన 2017 నాటి 15(1) నియమం చట్టానికి విరుద్ధమని, తప్పక పాటించవలసిన ప్రమాణాలు నిర్ణయించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసినది. 2025 ఏప్రిల్ 30న యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసులలో ఇచ్చిన తీర్పులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కెమెరా ముందు కన్నురెప్పలు ఆర్పమని అడిగే బ్యాంకు యాప్‌ల వంటివి ఆ కేసులలో చర్చకు వచ్చాయి.

గ్రంథస్వామ్యం అడ్డమనే సాకు కూడా నిలవదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం వైకల్యం ఉన్నవారికి అందే రూపంలో ప్రతులు చేయడాన్ని అనుమతించింది. ఇదే విషయమై 2013లో మర్రాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే.

చివరి ఆక్షేపణ సంఖ్యకు సంబంధించినది. ఎంతమంది ఉంటారండీ అలాంటి పాఠకులు అని అడుగుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, అందులో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైగా. కాని నా సమాధానం ఈ అంకెల మీద ఆధారపడదు. మహారాష్ట్రలో తెలుగువారమైన మనం భాషాపరంగా అల్పసంఖ్యాకులం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఉండాలని చెప్పే 350ఏ అధికరణాన్ని చూపి మన పిల్లలకు తెలుగు చెప్పించమని అడుగుతాం. ఇంత తక్కువమందికి ఎందుకని ఎవరైనా అంటే మనకు బాధ కలుగుతుంది. మనకు బాధ కలిగించే వాదాన్ని మన ఇంట్లోని మరొక అల్పసంఖ్యాకుడి మీద మనమే ఎలా ప్రయోగిస్తాం?

7. మన పత్రిక సంగతి

పై దోషాలన్నింటికీ ఉదాహరణలు వెతకడానికి నేను దూరం వెళ్ళలేదు. బామ్ని యువకుడి ఫోనులో మూగపోయినది మా పత్రికే. సంచికను పాత ఫాంటులో కూర్పించి, అచ్చు ప్రతిని మళ్ళీ స్కాను చేయించి వెబ్‌సైటుకు ఇచ్చినవాడిని నేనే. అక్షరానికి, ఆకారానికి భేదం తరగతిలో ఏటేటా బోధిస్తూ, ఆ పని చేశాను.

తిరిగి వచ్చిన తర్వాత ఒక సంచికను యూనికోడులో మళ్ళీ టైపు చేయించాం. శీర్షికలకు శీర్షికలని, భాష మారిన చోట భాష పేరుతో గుర్తులు పెట్టాం. ముగ్గురం ప్రూఫులు దిద్దాం. ఆ ప్రతిని అతనికి పంపితే రెండు రోజుల తర్వాత ఫోను చేశాడు. పత్రిక బాగుందని ఒక మాట అన్నాక, మెల్లగా అడిగాడు: "సార్, మూడు చోట్ల 'అర్ధం' అని వినపడ్డది. సగం అనా, మీనింగా?"

తీసి చూస్తే మూడు చోట్లా 'అర్థం' అని ఉండవలసినది 'అర్ధం' అని పడింది. థకారంలోని చుక్క చూపున్న ముగ్గురి కళ్ళకూ తప్పిపోయింది. మరాఠీలో ఈ రెండు మాటలను వేరువేరుగా విని పెరిగిన అతని చెవికి వెంటనే దొరికింది. అప్పటి నుంచి ప్రతి సంచికనూ అచ్చుకు ముందు ఒకసారి యంత్రంతో చదివించి వింటున్నాం. అతను కూడా వింటున్నాడు. ఆ పనికి ఇతర ప్రూఫ్ రీడర్లకు ఇచ్చే పారితోషికమే అతనికీ ఇస్తున్నాం.

విద్యార్థులకు నా విన్నపం ఇది. మీరు రాసే వ్యాసాన్ని యూనికోడులో రాయండి. విసర్గకు విసర్గే వాడండి. పంపేముందు మీ ఫోనులో టాక్‌బ్యాక్ తెరిచి, తెర చూడకుండా ఒక్కసారి వినండి. బొమ్మ పెడితే అందులో ఏముందో రెండు వాక్యాలు రాయండి. మీ ఊళ్ళో తెలుగు సంఘం వెబ్‌సైటో యాప్‌ో తయారుచేస్తుంటే, వైకల్యం ఉన్న ఒకరి చేత ముందుగా వాడించి చూడమని అడగండి. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని మీ అమ్మానాన్నలకు కూడా ఆ పేజీని వినిపించండి. వారు విని ఏమన్నారో మాకు రాయండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాం, ఆ పేజీలు ఫోను చదవగలిగేలాగే ఉంటాయి.